హుషారు కుక్కకు ఏం కావాలో తెలుసుకోవడం ఎలా?

ఇంట్లో ఒక్కచోట నిలవని కుక్క ఉన్నవారికి అందరూ ఇచ్చే సలహా ఒకటే: బాగా పరిగెత్తించండి, అలసి పడుకుంటుంది. అందులో నిజం సగమే ఉంది. రోజూ పరుగు ఒక్కటే పెట్టిస్తే కుక్కకు దమ్ము పెరుగుతుంది గానీ, సోఫా కొరకడం, గుమ్మం దగ్గర మొరగడం తగ్గుతాయన్న హామీ లేదు. ఎంతసేపు పరిగెత్తించాలో లెక్కవేసే ముందు, అది ఏ పని కోసం తహతహలాడుతోందో తేల్చుకోవాలి.

మొదటి ఆధారం జాతి. వేటాడే జంతువు వాసన పట్టి, చూపు నిలిపి, పొంచి నడిచి, తరిమి, నోట కరిచి, చివరికి చీలుస్తుంది. మనుషులు తమ అవసరాన్ని బట్టి ఒక్కో జాతిలో ఈ వరుసలోని కొన్ని భాగాలను పెంచి, కొన్నింటిని అణచివేశారు. గొర్రెలను కాసే బోర్డర్ కోలీ చూపుతోనూ పొంచి నడవడంతోనూ మందను మళ్లిస్తుంది. కుందేళ్ల వేటకు పెంచిన బీగిల్ ముక్కు నేలకు ఆనించి సాగుతుంది. లాబ్రడార్ నేలకూలిన పక్షిని నలపకుండా తెచ్చి ఇస్తుంది. సీఆర్‌పీఎఫ్ జాగిలాల్లో పేరున్న బెల్జియన్ మాలినోయిస్‌కు రోజంతా పని కావాలి; దాన్ని కాపలాకని ఫ్లాటులోకి తెచ్చుకోవడం నా దృష్టిలో తొందరపాటే.

అయితే జాతిని బట్టే తీర్పు చెప్పకూడదు. పద్దెనిమిది వేలకు పైగా కుక్కల వివరాలతో 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, కుక్కకూ కుక్కకూ మధ్య కనిపించే ప్రవర్తన తేడాల్లో జాతితో వివరించగలిగేది సుమారు 9 శాతమే. మిగతాది మీ కుక్కను చూసే తెలుసుకోవాలి.

అందుకు ఒక వారం పాటు చిన్న పుస్తకంలో రాసుకోండి. అల్లరి ఎప్పుడు మొదలైంది, దానికి ముందు ఏం జరిగింది, ఏం దొరికాక ఆగింది అన్న మూడూ చాలు. బాల్కనీలో మొరిగే కుక్కనే తీసుకోండి. కదిలే స్కూటర్లను చూసి మాత్రమే మొరిగితే తరమాలన్న కోరిక కావచ్చు. కొత్త మనిషిని చూసి వెనక్కి జరుగుతూ మొరిగితే అది భయం. మీరు ఫోను పట్టుకోగానే మొదలుపెడితే మీ దృష్టి కోసం. ఇంట్లో ఎవరూ లేనప్పుడే అయితే ఒంటరితనం. పైకి అల్లరి ఒకటే అయినా మందు ఒకటి కాదు, అరిచి కసరడం వీటిలో దేనికీ మందు కాదు.

తర్వాత దాని ఇష్టాన్ని పరీక్షించండి. కొంత దూరంలో ఒకవైపు ఉడికించిన చికెన్ ముక్క, మరోవైపు లాగులాటకు తాడు పెట్టి, ఏ వైపు వెళుతుందో చూడండి. తిండికి ముందు, తిన్నాక, ఇంట్లో, వీధిలో ఇలా మార్చి మార్చి చూడాలి, ఎందుకంటే ఇంట్లో బిస్కెట్ కోసం గెంతే కుక్క వీధిలో దాన్ని ముట్టకపోవచ్చు. తోటి కుక్కల సాంగత్యం కావాలా అన్నది హైదరాబాద్ వాళ్లు కొండాపూర్‌లో జీహెచ్‌ఎంసీ పెట్టిన కుక్కల పార్కు వంటి చోట చూడవచ్చు. లాబ్రడార్ విషయంలో మాత్రం తిండి యావను చూసి మోసపోకండి: వాటిలో దాదాపు నాలుగోవంతు కుక్కల్లో ఆకలిని అదుపు చేసే జన్యువులో కొంత భాగం లోపించి ఉంటుందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు చూపారు. బహుమతిగా ఇచ్చే ముక్కలను రోజువారీ తిండిలోంచే తీయాలి.

తెలిసిన ఇష్టాన్నే కూలిగా మార్చాలి. వాసనలంటే ప్రాణమైతే, పట్టీ లాగకుండా నాలుగడుగులు నడిచాక "వెళ్లు" అని చెట్టు మొదలు దగ్గరకు వదలండి. ఇంట్లో పాత తువ్వాలులో దాని తిండి గింజలు చుట్టి వెతకనివ్వండి. తరమడం ఇష్టమైతే కర్రకు తాడు కట్టి, చివర గుడ్డ ముడివేసి ఆడించండి, కానీ కూర్చున్నాకే ఆట మొదలవ్వాలి. బంతిని ఆపకుండా విసురుతూ పోతే ఉద్రేకం పెరుగుతుందే తప్ప తగ్గదు. నాలుగైదు విసుర్ల తర్వాత బంతిని దాచి వెతికించడం మేలు.

విశ్రాంతి కూడా అవసరమే. ఎదిగిన కుక్కలు రోజులో దాదాపు సగం, కుక్కపిల్లలు అంతకంటే చాలా ఎక్కువ నిద్రపోతాయి. సాయంత్రం ఇంట్లో పిల్లలూ చుట్టాలూ కుక్కను లేపుతూనే ఉంటే, రాత్రి అది పిచ్చిగా పరుగులు తీయడానికి కారణం మిగిలిపోయిన శక్తి కాక నిద్రలేమి కావచ్చు.

మన ఎండాకాలంలో నడక సూర్యోదయానికి ముందే ముగించాలి. కుక్క ప్రధానంగా వగర్చడం ద్వారానే ఒళ్లు చల్లార్చుకుంటుంది. తారు మీద అరచేతి వెనక భాగం ఏడెనిమిది సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలకూ అది మంటే. మధ్యాహ్నం ఇంట్లో వెతుకులాటలే పెట్టండి. నెమ్మదిగా ఉండే కుక్క ఉన్నట్టుండి స్థిమితం తప్పితే, శిక్షణ ఆపి ముందు పశువైద్యుడికి చూపించండి. చెవిపోటు, చర్మం దురద, పిడుదుల బాధ కూడా పైకి అల్లరిలాగే కనిపిస్తాయి.