సంక్రాంతికి కారులో ఊరెళ్తున్నారా? చక్రం తిరుగుతున్నా బండి కదలకపోతే ముందు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసెయ్యండి

మొన్న కార్తీకమాసం పెళ్లిళ్లలో మా టైర్ల షాపుకు ఒక కారు క్రేన్ మీద వచ్చింది. ముందు కుడివైపు టైరు లేదు. ఫెండర్ మాడిపోయింది. హెడ్‌లైటు కరిగి బంపరు మీదికి కారింది. పెళ్లికొడుకు స్నేహితులు ఊరేగింపు ముందు బర్నౌట్ కొట్టారట, అంటే బండి కదలకుండా చక్రం మాత్రం తిప్పి పొగ లేపడం. హ్యాండ్‌బ్రేకు లాగి, ఫస్ట్ గేరులో రేజ్ ఇచ్చి, క్లచ్ వదిలారు. మొదటిసారి పొగ బాగా వచ్చింది, ఈలలు పడ్డాయి. రెండోసారి ఇంకాసేపు పట్టారు. టైరు పగిలింది. పక్కన నిలబడి ఫోనులో తీస్తున్న కుర్రాడికి మోకాలి కింద ఎముక విరిగింది. డ్రైవరు అప్పటికీ కాలు తియ్యలేదు. రిమ్ము సీసీ రోడ్డును రాసుకుని నిప్పురవ్వలు లేచాయి, చక్రం గూట్లో మంట పుట్టింది. రెండడుగుల దూరంలో బాణసంచా సంచి ఉంది. ఒక ముసలాయన దాన్ని కాలితో తన్ని కాలవలో పడేశాడు కాబట్టి సరిపోయింది.

ఆ వీడియో చుట్టుపక్కల ఊళ్ల వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. అప్పట్నుంచి షాపుకొచ్చే ప్రతివాళ్లదీ ఒకటే ప్రశ్న: "అన్నా, టైరు ఉత్తినే తిరిగితే మంటలొస్తాయా?"

వస్తాయి. అయితే బర్నౌట్ కొట్టేవాళ్లు ఊరికి నలుగురు ఉంటారేమో. ఇదే ప్రమాదాన్ని తెలియకుండా నెత్తిమీదికి తెచ్చుకునేవాళ్లు వందల మంది. ఈ సంక్రాంతికి హైదరాబాద్ నుంచి, బెంగళూరు నుంచి కార్లన్నీ కోస్తా జిల్లాల మీద వాలతాయి. కోసిన చేలల్లో పార్కింగ్. కోడిపందేల బరుల చుట్టూ, కాలవ గట్ల మీద, సూర్యలంక బీచి ఇసకలో ఎక్కడ చూసినా కార్లే. తెల్లారేసరికి మంచుకు నేల జారుతూ ఉంటుంది, మధ్యాహ్నానికి గడ్డి పెళపెళలాడుతూ ఉంటుంది. సీటు బెల్టు పెట్టుకోండి, తాగి నడపకండి అని నేను చెప్పను, అవి మీకు తెలుసు. ఇరవై రెండేళ్లుగా ఈ హైవే పక్కన కూర్చుని నేను చూస్తున్న ఒక్క తప్పు గురించే చెబుతాను. చక్రం తిరుగుతోంది, బండి కదలట్లేదు, అయినా కాలు యాక్సిలరేటర్ మీదే ఉంది. అదీ ఆ తప్పు.

పొగ ఎక్కడిది, మంట ఎక్కడిది

టైరంటే ఒట్టి రబ్బరు కాదు. సహజ రబ్బరు, కృత్రిమ రబ్బరు, కార్బన్ బ్లాక్, నూనెలు, గంధకం, లోపల స్టీలు తీగలు, నైలాను దారాలు. చక్రం ఒకేచోట రోడ్డును రాసుకుంటూ తిరిగితే పైపొర వేడెక్కి అందులోని నూనెలు, రబ్బరు ఆవిరై గాలిలో సన్నటి బిందువులుగా మారతాయి. మీరు చూసే తెల్లపొగ అదే. అప్పటికి ఇంకా ఏదీ అంటుకోలేదు. కానీ ఆ పొగ కూడా మండే సరుకే, నిప్పురవ్వ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. తెల్లపొగ నల్లగా మారిందంటే అంటుకున్నట్టే లెక్క.

నిప్పురవ్వ చాలా దారుల్లో వస్తుంది. పైపొర అరిగి స్టీలు తీగలు బయటపడి రోడ్డును గీరతాయి. టైరు పగిలితే రిమ్మే రోడ్డు మీద ఆడుతుంది. చీలిన పైపొర కొరడాలా తిరుగుతూ ప్లాస్టిక్ లైనింగునూ, బ్రేకు హోసునూ, వైర్లనూ కొట్టేస్తుంది. కరిగిన రబ్బరు ముద్దలు వెళ్లి సైలెన్సర్‌కి అతుక్కుంటాయి. బండి నిలబడి ఉంది కాబట్టి రేడియేటర్‌కి ఎదురుగాలి లేదు, ఇంజను మరుగుతుంది, పొంగిన నూనె వేడి గొట్టం మీద పడుతుంది. బ్రేకులు పట్టి ఉంచితే అది వేరే వేడి. డాట్ 3 బ్రేకు ఆయిలు కొత్తదైనా 205 డిగ్రీల దగ్గర మరిగిపోతుంది, పాతబడి తేమ పట్టిందైతే ఇంకా ముందే. అందుకే ఇలాంటి మంటలు టైరు దగ్గర మొదలైనట్టే కనిపిస్తాయి కానీ, వెతికితే టైరు చుట్టుపక్కల ఏదో ఒకటి ముందు అంటుకుని ఉంటుంది.

"మరి విదేశాల్లో పోటీలే పెడతారు కదా?" అంటారు కుర్రాళ్లు. పెడతారు. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఏటా జనవరిలోనే సమ్మర్‌నాట్స్ అని కార్ల పండగ జరుగుతుంది. 2019లో అక్కడ 126 కార్లు ఒకేసారి బర్నౌట్ కొట్టి గిన్నిస్ రికార్డు పెట్టాయి. అక్కడ కార్లు అంటుకోవడం వింతేమీ కాదు. అందుకే జనానికీ కారుకూ మధ్య గోడ ఉంటుంది, మంటలార్పేవాళ్లు గొట్టాలు పట్టుకుని సిద్ధంగా ఉంటారు. మన ఊరేగింపులో ఉన్నది బ్యాండు మేళం. డ్రాగ్ రేసుల వాళ్లు కూడా టైరు వేడెక్కి రోడ్డును గట్టిగా పట్టడానికి నీళ్ల మడుగులో కొన్ని సెకన్లు తిప్పి వదిలేస్తారు. పనయ్యాక కాలు తీస్తారు.

స్పీడోమీటర్ ముల్లు సగమే చెబుతుంది

ఇది మాత్రం రెండుసార్లు చదవండి. దిగబడిన కారుకు ఒక చక్రం గట్టినేల మీద ఆగి ఉంటుంది, రెండోది బురదలో తిరుగుతుంది. డిఫరెన్షియల్ అనే గేర్ల అమరిక పని, రెండు చక్రాలకూ వేగాన్ని పంచడం. ఒకటి కదలకుండా ఉంటే దాని వాటా కూడా రెండోదానికే పోతుంది. స్పీడోమీటర్ ముల్లు చూపించేది ఆ రెండింటి సగటు. ముల్లు 60 దగ్గర ఉందంటే బురదలోని చక్రం 120 మీద తిరుగుతోంది. ముల్లు 100 దాటితే చక్రం 200 దాటింది. మీ టైరు పక్కన చూడండి, సైజు తర్వాత ఒక అక్షరం ఉంటుంది. ఎస్ అయితే 180, టి అయితే 190, హెచ్ అయితే 210. ఆ టైరు తట్టుకునే గరిష్ఠ వేగం అది. అదీ సరైన గాలితో, మంచి టైరుకు, రోడ్డు మీద పరుగెడుతూ చల్లబడుతున్నప్పటి లెక్క. ఒకే గుంటలో తిరుగుతున్న నాలుగేళ్ల టైరుకు ఆ లెక్క వర్తించదు.

అలా తిరిగిన టైరు పగిలితే బాంబులా పగులుతుంది. టైరు కంపెనీలు తమ పుస్తకాల్లో రాసేది కూడా ఇదే: దిగబడినప్పుడు ముల్లు 55 దాటనివ్వొద్దు, తిరిగే చక్రం దగ్గర మనిషి ఉండొద్దు. ఆ 55 కూడా ఎక్కువే అంటాను నేను. మూడు సెకన్లలో కదలని బండి ముప్పై సెకన్లలో కూడా కదలదు. కాలు తీసెయ్యండి.

నా కళ్లతో చూసింది చెబుతాను. కాలవ గట్టు పక్కన కారు దిగబడింది. లోపల ఒకాయన రేజ్ ఇస్తున్నాడు, వాళ్ల బావమరిది చక్రం పక్కన గొంతుక్కూర్చుని రాయి పెడుతున్నాడు. "ఇంకొంచెం బావా, ఇంకొంచెం" అంటున్నాడు. నేను వెళ్లి తాళం తీసేసరికి టైరు పైపొర ఒకచోట ఉబ్బి ఉంది. చెయ్యి పెడితే కాలింది. ఆ ఉబ్బు ఇంకో నిమిషం ఆగేది కాదు. ఆ రోజు బావగారు నన్ను తిట్టాడు కూడా, బండి బయటికొచ్చే టైములో ఆపేశానని.

చేలో దిగబడితే

కాలు తీసెయ్యండి. ఇంజను ఆపి కిందికి దిగండి. స్టీరింగు తిన్నగా పెట్టండి. చక్రం ముందూ వెనకా మట్టి తవ్వి వాలుగా చెయ్యండి. కంకర, ఇటుక ముక్కలు, కారులోని మ్యాట్లు, ఖాళీ గోనెసంచులు వెయ్యండి. ఎండుగడ్డి మాత్రం వెయ్యొద్దు. చాలామంది అదే వేస్తారు, చేతికి అందేది అదే కాబట్టి. సైలెన్సర్, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉండేది సరిగ్గా దానిపైనే, వందల డిగ్రీల వేడి మీద. బీఎస్ 6 డీజిల్ కార్లలో అయితే డీపీఎఫ్ అనే పొగగొట్టం ఫిల్టరు తనలో పట్టిన మసిని కాల్చుకునేటప్పుడు దాని లోపల వేడి 600 డిగ్రీల దాకా పోతుంది, మీరు నిలబెట్టి రేజ్ ఇచ్చినా ఇవ్వకపోయినా.

అన్నీ వేశాక సెకండ్ గేరులో, క్లచ్ మెల్లగా వదులుతూ ఒక్కసారి ప్రయత్నించండి. ఇసక అయితే టైర్లలో గాలి 18 పీఎస్ఐ దాకా తీసెయ్యండి, రోడ్డెక్కాక మెల్లగా వెళ్లి నింపుకోండి. రెండుసార్లు కాకపోతే ట్రాక్టరు పిలవండి. ట్రాక్టరు వాడికిచ్చేది ఐదొందలు. క్లచ్ ప్లేటు మాడితే వేలల్లో, కారు మాడితే లక్షల్లో.

ఇక మిగతావి వరసగా చెప్పేస్తాను, విడమరిచి చెప్పే ఓపిక లేదు.

తిరిగే చక్రానికి పక్కన, వెనక మనిషి ఉండొద్దు. పిల్లలు అసలే వద్దు. నెట్టేవాళ్లు చక్రానికి సూటిగా నిలబడొద్దు.

ట్రాక్టరు తాడు బిగిసినప్పుడు దాని దగ్గర నిలబడొద్దు. తెగితే ఎవరి మొహం మీద పడుతుందో తెలీదు.

ఆటోమేటిక్ కారు వాళ్లు డి నుంచి ఆర్‌కి, ఆర్ నుంచి డికి ఊపుతూ కూర్చోవద్దు. గేరుబాక్సు ఆయిలు మరిగి బయటికి తన్నుతుంది, కింద సైలెన్సరే.

ఎలక్ట్రిక్ కారు వాళ్లకు ఇంకో చిక్కు. శబ్దం ఉండదు. చక్రం ఎంత వేగంగా తిరుగుతోందో చెవికి తెలియదు. ముల్లు చూసి కాలు తీయండి.

సైలెన్సర్ గొట్టం బురదలో మునిగి ఉంటే ఇంజను ఆన్‌లో పెట్టి ఏసీ వేసుకుని కూర్చోవద్దు. పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన రాదు.

పందెం బరి దగ్గర కారు వరి కొయ్యకాళ్ల మీద, గడ్డి మీద ఆపొద్దు. గట్టు మీద ఖాళీ మట్టి చూసుకోండి, నాలుగడుగులు నడవండి.

నూర్పిడికి రోడ్డు మీద పరిచిన ఉలవ, కంది కంప మీదుగా పోవద్దు. అది యాక్సిల్‌కి చుట్టుకుంటుంది, సైలెన్సర్‌కి ఆనుతుంది, మీరు ఏసీలో పాటలు వింటూ పోతుంటారు. తప్పక పోతే వంద గజాల అవతల ఆపి కింద చూడండి. చుట్టుకున్నది లాగెయ్యండి. పరిచినవాళ్లకు కూడా చెబుతున్నా, రోడ్డు కళ్లం కాదు.

కాలిన వాసన వస్తోందంటే ఆగండి. "ముందు లారీదై ఉంటుందిలే" అనుకోవద్దు. హ్యాండ్‌బ్రేకు పూర్తిగా దించారో లేదో చూడండి. బ్రేకు పట్టేసిన చక్రం కూడా ఇలాగే మండుతుంది. లారీ, బస్సు డ్రైవరన్నలకు ఇది బాగా తెలుసు. జంట చక్రాల్లో ఒకదానికి గాలి పోతే రెండూ రాసుకుని అంటుకుంటాయి. ధాబా దగ్గర క్లీనరు రాడ్డుతో టైర్లు కొట్టి చూసేది అందుకే. ఆ అలవాటు కారువాళ్లు కూడా నేర్చుకుంటే నష్టం లేదు.

బాగా వేడెక్కిన టైరు దగ్గరికి వెంటనే పోవద్దు. లోపలి రబ్బరు వేడికి విచ్ఛిన్నమై వాయువు పుడుతుంది, మంట బయటికి కనిపించకుండానే పేలుతుంది. పెద్ద బండ్ల టైర్లు గంటల తర్వాత కూడా పేలతాయి.

టైరు ఎక్కించి ఉన్న రిమ్ముకు వెల్డింగ్ పెట్టించొద్దు. గాలి తీసినా సరే. విప్పి పెట్టించండి.

మంట కనిపిస్తే అందరూ దిగండి. సామాను వదిలెయ్యండి. బానెట్ ఎత్తొద్దు, గాలి తగిలి ఎగుస్తుంది. 101కో 112కో, నేషనల్ హైవే మీద అయితే 1033కో ఫోన్ చెయ్యండి. కారులోని మంటలార్పే చిన్న సిలిండరు మంటను అణుస్తుంది కానీ టైరులోని వేడిని తియ్యదు, రెండు నిమిషాల్లో మళ్లీ లేస్తుంది. టైరు మంట అంత మొండిది. 1990 ఫిబ్రవరిలో కెనడాలోని హేగర్స్‌విల్‌లో కోటీ నలభై లక్షల టైర్ల గుట్ట అంటుకుంటే ఆర్పడానికి 17 రోజులు పట్టింది. మీ ఒక్క టైరుకు ఒక బకెట్టు చాలదు. దూరంగా నిలబడండి.

ఆ పొగ పీల్చొద్దు.

భోగి మంటలో పాత టైరు వెయ్యొద్దు. ఎన్నేళ్లు చెప్పించుకుంటారు?

తమ్ముళ్లూ, రోడ్డు మీద బర్నౌట్ మోటారు వాహనాల చట్టం 184 కింద ప్రమాదకర డ్రైవింగు. రేసు పెట్టుకుంటే 189. నడిపింది మైనరు అయితే 199ఎ: నాన్నకు మూడేళ్ల దాకా జైలు, పాతికవేల జరిమానా, బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఎవరైనా చనిపోతే అది వేరే కేసు.

ఇన్సూరెన్సు ఉంది కదా అనుకోవద్దు. కారుకు ఇంకేమీ కాకుండా టైరు ఒక్కటే పోతే రాదు. కారుతో పాటు పోయినా టైరుకు సగమే. పోటీలకు వాడారని తేలితే అదీ లేదు. వీడియో మీరే తీసి మీరే పంపించారు, ఇంక వాళ్లు వెతకాల్సిన పనేముంది.

కాలు తీసెయ్యండి. బండి కదలట్లేదా, తీసెయ్యండి. పొగ వచ్చిందా, తీసెయ్యండి. వెనక నుంచి బావ, మామ, పెళ్లికొడుకు "ఇంకొంచెం" అన్నారా, ముందు తీసెయ్యండి.

బురదలో బాగా తిరిగిన టైరు బయటికి బాగానే కనిపిస్తుంది. దాన్ని నమ్మి విజయవాడ దాటి హైదరాబాద్ దారి పట్టొద్దు. విప్పించి లోపల చూడండి. నల్లటి రబ్బరు పొడి రాలి ఉంటే దాని పని అయిపోయింది, స్టెప్నీగా కూడా పనికిరాదు. ముక్కనుమ నాడు మా షాపు తెరిచే ఉంటుంది. విప్పి చూడటానికి పది నిమిషాలు.