ల్యాప్ అపెండిక్స్ నేర్చుకుందాం – 4వ పాఠం: మొదలు, ముడి

ల్యాప్ అపెండిక్స్ అంటే కడుపులోకి కెమెరా (ల్యాప్రోస్కోప్) పెట్టి, చిన్న కోతలతోనే అపెండిక్స్ తీసే ఆపరేషన్. పోయిన పాఠంలో బొడ్డు దగ్గర 10 మి.మీ. పోర్టు (కెమెరా, పరికరాలు దూర్చే గొట్టం) పెట్టి, గ్యాస్ నింపి, కింద రెండు 5 మి.మీ. పోర్టులు వేసుకున్నాం. ఇప్పుడు స్క్రీన్ నిండా పేగులే. అపెండిక్స్ ఎక్కడ?

ఫస్టియర్ పీజీలు టెన్షన్‌లో చిన్నపేగును కెలకడం మొదలుపెడతారు. కెలక్కండి. టేబుల్‌ను తల వైపు దించి, ఎడమ పక్కకు వంచమనండి. పేగులు వాటంతటవే జారిపోయి సీకం, అంటే పెద్దపేగు మొదటి భాగం, బయటపడుతుంది. దాని మీద తెల్లటి పట్టీలా కనిపించే కండరం టీనియా. దాన్ని పట్టుకుని కిందికి రండి. మూడు టీనియాలూ కలిసేది అపెండిక్స్ మొదట్లోనే. కొస సీకం వెనక నక్కి ఉండొచ్చు, కటిలోకి దిగి ఉండొచ్చు. మొదలు మాత్రం ఎప్పుడూ అక్కడే.

కొస పట్టుకుని ఎత్తితే కింద కొవ్వుతో వేలాడేది మీసో అపెండిక్స్. రక్తనాళం అందులోనే ఉంటుంది. బైపోలార్‌తో (కరెంటుతో రక్తనాళాన్ని కాల్చి మూసే పరికరం) కాలుస్తూ, కత్తిరిస్తూ మొదలు దాకా రండి. మొదలును దారంతో ముడేసి, ఆ పైన కోసి అపెండిక్స్ తీస్తాం. మొదలు చుట్టూ శుభ్రంగా కనబడేదాకా ముడి జోలికి పోవద్దు. కోశాక మోడు 5 మి.మీ. మించి మిగిల్తే అందులో మళ్లీ వాపు రావచ్చు. అప్పుడు పేషెంటు "నాకు అపెండిక్స్ ఎప్పుడో తీసేశారండీ" అంటాడు, క్యాజువాల్టీలో మనమూ నమ్మేస్తాం.

ఇక ముడి. 1980లో జర్మనీలోని కీల్‌లో ల్యాప్రోస్కోప్‌తో మొదటిసారి అపెండిక్స్ తీసిన కర్ట్ సెమ్ గైనకాలజిస్టు. సర్జన్లకు అది మింగుడుపడలేదు. కడుపులో వాడుకునేలా లూప్‌ను (జారుముడి వేసిన దారపు ఉచ్చు) మలిచిందీ ఆయనే. అందులోని రోడర్ ముడి అంతకుముందు టాన్సిల్స్ ఆపరేషన్‌లో వాడింది. రెడీమేడ్ లూప్ అన్నిచోట్లా చేతికందదు, అందుకే సొంతంగా వేయడం రావాలి.

సర్జికల్ గ్లవ్ చిటికెన వేలు కత్తిరించి, దూది కూరి, అట్టముక్కకు పిన్ చేయండి. అదే మీ అపెండిక్స్. దారాన్ని నాట్ పుషర్‌లోంచి (ముడిని లోపలికి నెట్టే సన్నటి గొట్టం) ఎక్కించి, బయటికొచ్చిన కొసతో ఉచ్చు చేయండి. పొడుగు పోగును కదల్చకుండా, పొట్టి కొసతో దాని మీద ఒక సాదా ముడి. తర్వాత అదే కొసను ఉచ్చు రెండు పోగులకూ కలిపి మూడు చుట్లు తిప్పండి. చివరగా ఒక్క పోగు మీద లాక్ ముడి. ఒకటి, మూడు, ఒకటి. ఈ లెక్క నాలుక మీద ఉండాలి. క్యాట్‌గట్ (జంతువుల పేగుతో చేసే దారం) అయితే తడికి ఉబ్బి ముడి బిగుస్తుంది. నున్నటి నైలాన్ జారిపోతుంది, దానికి ఈ లెక్క చాలదు.

పుషర్‌తో మెల్లగా నెట్టండి. మొదట్లో నేను బలంగా లాగి గ్లవ్ వేలినే తెంపేశాను. వాచిన మొదలు అంతకంటే మెత్తగా ఉంటుంది, దారం కోసేస్తుంది.

ఈ వారం రోజుకు ఇరవై ముడులు. ఆఖరి దాంట్లో దూది తీసి, సిరంజితో నీళ్లెక్కించి నొక్కండి. చుక్క కారిందా, మళ్లీ మొదటి నుంచి. పేషెంటు మీద మాత్రం సీనియర్ పక్కనుంటేనే. మొదలే చిల్లుపడి ఉంటే ఏం చేయాలో 5వ పాఠంలో.