గేదెకు సీఐడీఆర్ పెట్టిస్తున్నారా? ముందు తేదీ రాసుకోండి

విశాఖ దగ్గర ఆనందపురం, పద్మనాభం వైపు పాడి రైతుల నోట ఎండాకాలంలో ఒకటే మాట, గేదె ఈని నాలుగు నెలలైనా ఎదకు రాలేదని. చాలావాటికి ఎద వస్తుంది కానీ అది మూగ ఎద, అరవదు, మనకు తెలియదు. అలాంటివాటికి డాక్టర్లు సీఐడీఆర్ పెడతారు. టీ ఆకారంలో ఉండే ఈ సిలికాన్ పరికరం యోనిలో ఉన్నన్నాళ్లూ ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్‌ను కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతూ ఎదను ఆపి ఉంచుతుంది. తీసేయగానే హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది, అప్పుడు అండం విడుదలకు దారి దొరుకుతుంది.

పెట్టించే ముందు చూడి పరీక్ష తప్పనిసరి. దీంతోపాటు ఎదకు తేవడానికి వేసే ప్రోస్టాగ్లాండిన్ ఇంజక్షన్ చూడి పశువుకు పడితే ఈసుకుపోతుంది, అంటే చూడి పోతుంది. గర్భసంచిలో చీము ఉన్నా, పశువు చిక్కి ఎముకలు తేలి ఉన్నా వద్దు. ముందు దాణా, మినరల్ మిక్చర్, నట్టల మందు చూసుకోండి, చిక్కిన పశువుకు ఇది పెట్టించి డబ్బు పోగొట్టుకోకండి.

పెట్టేది డాక్టరే, మీరు చేయాల్సింది పశువును బిగించి కట్టి, మానం శుభ్రంగా కడగడం. అప్లికేటర్‌లో రెక్కలు ముడుచుకుని లోపలికి వెళ్తాయి, అక్కడ విచ్చుకుని పట్టుకుంటాయి. బయట తోకలాంటి దారం మాత్రం వేలాడుతుంది, అది పొడుగ్గా ఉంటే పక్క పశువు నోట పట్టి లాగేస్తుంది కాబట్టి కత్తిరించమని అడగండి. రోజూ పొద్దున దారం కనబడుతోందో లేదో చూడండి.

సాధారణంగా 7 రోజులు ఉంచుతారు, అంటే సోమవారం పెడితే మళ్లీ సోమవారం తీయడం, కొన్ని పద్ధతుల్లో 9 రోజులు. ప్రోస్టాగ్లాండిన్ తీసే రోజో, ముందు రోజో వేస్తారు. తేదీ గోడ మీద రాసుకోండి, డాక్టర్ రాలేకపోతే ముందే తెలిసేలా ఫోన్ చేయండి, అవసరమైతే పశువుల అంబులెన్స్ నంబర్ 1962కి చేయండి. తీసేటప్పుడు కొంచెం మసకగా జిగురు వస్తే భయం లేదు, కంపు కొట్టే చీము వస్తే చెప్పాలి.

చేతికి గ్లోవ్స్ లేకుండా దాన్ని ముట్టుకోవద్దు, ఆ హార్మోన్ మన చర్మంలోంచి కూడా లోపలికి వెళ్తుంది. గర్భిణులు దాన్నీ, ఆ ఇంజక్షన్‌నూ అసలు ముట్టకూడదు. వాడినదాంట్లో ఇంకా మందు మిగిలే ఉంటుంది, కాలువలో పారేయకుండా డాక్టర్‌కే ఇచ్చేయండి.

తీసిన రెండు మూడు రోజుల్లో ఎద వస్తుంది. మానం నుంచి జారే జిగురు తీగలు, మాటిమాటికీ మూత్రం పోయడం చూడండి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం చూడి కట్టే సూది (కృత్రిమ గర్భధారణ) వేయించండి, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున. 21 రోజులకు మళ్లీ ఎదకు రాలేదని చూడి కట్టినట్టు లెక్కేసుకోకండి, గేదె కదా, మూగ ఎద వచ్చి పోయి ఉండొచ్చు, రెండు మూడు నెలలకు డాక్టర్ చేత చెయ్యిపెట్టి చూడి పరీక్ష చేయించండి.