చిన్న గొడ్డలి ఎక్కడ చెడింది? లోపం నుంచి కారణానికి

ఒడిశాలోని నియమగిరి కొండల వైపు డొంగ్రియా కోందు గిరిజనుల భుజాన టాంగియాను చూస్తూ పెరిగినవారికి చిన్న గొడ్డలి కొత్తది కాదు. ఆ చూపుతోనే ఉత్తర అమెరికా మూలవాసుల టామహాక్‌ను ఇంటి కొలిమిలో కొట్టాలనుకునే రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. ఒక్క మాట గట్టిగా చెబుతాను: లోపం బయటపడిన దశలో కారణం దొరకదు. అంతకు ముందరి కాకలో, అంటే ఇనుమును కాల్చిన దశలో, వెతకండి.

సమస్య: బెజ్జం చివర పగులు

కామ (చేతికర్ర) దూరే బెజ్జాన్ని వెడల్పు చేసేటప్పుడు దాని రెండు కొసల్లో సన్నని గీత పడుతుంది. ఇనుము మసక ఎరుపులో ఉండగా చూస్తే ఆ గీత నల్లగా కనిపిస్తుంది. కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. రంగు దిగిపోయినా ‘ఇంకో రెండు దెబ్బలు’ అని ఆగకపోవడం. ఈ పనికి వాడే లారీ కమాను పట్టీలో కర్బనం సుమారు 0.6 శాతం ఉంటుంది. మామూలు ఇనుప కడ్డీలా అది చల్లారాక సాగదు. నారింజ రంగులో మొదలుపెట్టి, ఎరుపు మసకబారగానే తిరిగి కొలిమిలో పెట్టండి. పట్టపగలు ఎండలో రంగు తక్కువగా కనిపించి ఇనుమును అతిగా కాల్చేస్తాం, కాబట్టి కొలిమి నీడలోనే ఉండాలి.

బెజ్జం పొడిచే ఉలిని మూడు నాలుగు దెబ్బలకోసారి నీళ్లలో ముంచాలి. రంధ్రంలో చిటికెడు బొగ్గుపొడి వేస్తే ఉలి ఇరుక్కోదు. మూడింట రెండు వంతుల లోతు దిగాక ముక్కను తిప్పండి. అవతలి వైపు చల్లబడిన నల్లమచ్చ కనిపిస్తుంది, సరిగ్గా దాని మీదే పొడవాలి. బెజ్జం వంకరపోవడానికి కారణం ఆ మచ్చను చూడకుండా అంచనాతో కొట్టడమే.

పగులు పైపైనే ఉంటే చల్లారాక ఆకురాయితో పూర్తిగా తీసేయండి. లోతుగా ఉంటే ఆ ముక్కను వదిలేయండి. ఊపే పనిముట్టు మధ్యలో విరిగితే ఎదుటివారికి తగులుతుంది.

సమస్య: గట్టిపరచడానికి నూనెలో ముంచగానే టిక్కుమని శబ్దం, అంచున పగులు

నీళ్లలో ముంచితే ఈ ఉక్కు పగలడం మామూలే. వంటనూనెలో ముంచినా పగిలితే అది అతిగా కాలిందని అర్థం. విరిగిన ముఖాన్ని చూడండి. పంచదార పలుకుల్లా మెరిస్తే లోపలి రేణువులు పెద్దవయ్యాయి. బూడిదరంగులో సన్నగా, మసకగా ఉంటే మంచిది.

దీనికి విరుగుడు ముంచడానికి ముందే ఉంది. దారానికి కట్టిన అయస్కాంతాన్ని దగ్గర పెట్టండి. సుమారు 770 డిగ్రీల వద్ద అది అంటుకోవడం మానేస్తుంది. అప్పుడు బయటికి తీసి గాలిలో నల్లబడే దాకా వదిలేయండి. ఇలా మూడుసార్లు చేస్తే రేణువులు చిన్నవవుతాయి. ఓపిక లేక ఎక్కువమంది వదిలేసేది ఈ పనినే. గొడ్డలి ప్రాణం మాత్రం ఇందులోనే ఉంది. ఆ తర్వాత అయస్కాంతం అంటని వేడికి కొంచెం పైకి తీసుకెళ్లి, 50–60 డిగ్రీలకు వేడిచేసిన నూనెలో అంచును మాత్రమే మూడు నాలుగు సెంటీమీటర్లు ముంచండి. బెజ్జం వైపు మెత్తగానే ఉండాలి. నూనె పాత్ర ఇనుముదై, పక్కనే దాని మూత ఉండాలి. మంట లేస్తే మూత పెట్టేయండి, నీళ్లు పోయవద్దు.

సమస్య: కట్టె మీద కొట్టగానే అంచు పెళుసుగా రాలుతుంది

గట్టిపడ్డాక మళ్లీ కాస్త మెత్తబరచలేదన్నమాట. అంచును గరుకు కాగితంతో మెరిసేలా రుద్ది, ఎర్రగా కాల్చిన కడ్డీని బెజ్జంలో దూర్చండి. లేత పసుపు, గోధుమ, ఊదా, నీలం వరుసగా అంచు వైపు పాకుతాయి. ఊదా రంగు అంచుకు చేరగానే నీళ్లలో ముంచి ఆపండి.

సమస్య: అంచు వంగిపోతుంది, ఆకురాయి తేలిగ్గా కోస్తుంది

ముందు పైపొరను అర మిల్లీమీటరు అరగదీసి మళ్లీ చూడండి. కొలిమిలో కర్బనం పోగొట్టుకున్న తోలు మాత్రమే మెత్తగా ఉండి ఉండవచ్చు. లోపలా మెత్తగానే ఉంటే ముంచినప్పుడు వేడి చాలలేదు, లేదా మీరు తెచ్చినది ఇళ్లు కట్టే కడ్డీ.

సమస్య: వేసవిలో తల వదులవుతుంది

వానాకాలంలో నరికిన పచ్చికర్రతో కామ చేస్తే ఏప్రిల్, మే ఎండలకు కుంచించుకుపోతుంది. చిరుమాను గొడ్డలి కామకు పేరున్న కర్ర. దాన్నైనా నెలల తరబడి నీడలో ఆరనివ్వాలి. తల బిగియడానికి రాత్రంతా నీళ్లలో నానబెట్టవద్దు. ఉబ్బిన నార నలిగి, ఎండాక మునుపటికన్నా వదులవుతుంది. టామహాక్ బెజ్జం పైన వెడల్పు, కింద ఇరుకు. కామ పై నుంచి దిగుతుంది, ఊపేకొద్దీ బిగుస్తుంది, చీల అక్కర్లేదు. వదులైతే తలను కిందికి జార్చి తీసి, కామ పైభాగం ఎక్కడ గట్టిగా తాకుతోందో చూసి అక్కడ మాత్రమే అరగదీసి, మళ్లీ పై నుంచి తొడగండి.