కస్తూరి అణువును కట్టడం – 4వ పాఠం: గొలుసును వలయంగా మూయడం

కస్తూరికి వాసననిచ్చే మస్కోన్‌లో 15 కార్బన్ల వలయం, పునుగుకు వాసననిచ్చే సివెటోన్‌లో 17 కార్బన్ల వలయం ఉన్నాయని 1926లో రసాయన శాస్త్రవేత్త రుజిచ్కా తేల్చిన సంగతి గత పాఠంలో చూశాం. ఆయన ఆ వలయాలను కట్టిన తీరు కూడా చూశాం: రెండు కొసల్లోనూ ఆమ్లం ఉన్న పొడవాటి గొలుసుల థోరియం లవణాలను బాగా కాల్చడం. చేతికొచ్చేది బహు కొద్ది. ఇవాళ అలాంటి వలయాన్నే రుథేనియం అనే లోహపు ఉత్ప్రేరకంతో మూద్దాం. రెండు ద్విబంధాలు తమ కొసలను ఇచ్చిపుచ్చుకునే ఈ చర్యను మెటాథెసిస్ అంటారు. ఈ చర్య మీద చేసిన కృషికే షోవాన్, గ్రబ్స్, ష్రాక్‌లకు 2005లో నోబెల్ వచ్చింది.

కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఈ పాఠంలో సగం పని లెక్కే.

మనం కట్టబోయేది కస్తూరి వాసన ఉన్న ఎగ్జాల్టోలైడ్. 15 కార్బన్లు, ఒక ఆక్సిజన్, మొత్తం 16 పరమాణువుల వలయం. ఆక్సిజన్ పక్క కార్బన్ మీద ఇంకో ఆక్సిజన్ ద్విబంధంతో ఉంటుంది, అంటే ఇది వలయంగా ముడుచుకున్న ఎస్టర్ (ఆమ్లం, ఆల్కహాల్ కలిస్తే వచ్చేది). బొమ్మ గీసి, ఆ ఎస్టర్ కార్బన్‌ను 1గా పెట్టుకుని అంకెలు వేయండి. ఇప్పుడు 10, 11 కార్బన్ల మధ్య పెన్సిలుతో అడ్డగీత గీయండి. వలయం అక్కడే మూయాలి.

గీత అక్కడే ఎందుకంటే, ముక్కలు సులువుగా దొరకాలి కాబట్టి. ఆమ్లం వైపు 10 కార్బన్లున్నాయి. వాటి కొసకు ద్విబంధంతో ఇంకో కార్బన్ తగిలిస్తే అన్‌డెసిలెనిక్ ఆమ్లం అవుతుంది. ఆముదాన్ని అధిక వేడి మీద విరిస్తే వచ్చేది ఇదే. రెండో వైపు ఆక్సిజన్, దాని వెనుక 5 కార్బన్లు మిగిలాయి. వాటి కొసకూ ఒక కార్బన్ తగిలిస్తే 5-హెక్సెన్-1-ఓల్. ఈ రెంటినీ ఎస్టర్‌గా కలిపితే రెండు చివర్లా ద్విబంధాలున్న గొలుసు తయారు.

ఇక్కడ అణుభారం లెక్క తప్పకుండా వేయండి. ఆమ్లం 184, ఆల్కహాల్ 100. కలిసేటప్పుడు నీరు 18 పోతుంది, కాబట్టి ఎస్టర్ 266. వలయం మూసుకునేటప్పుడు కొసల్లో తగిలించిన ఆ రెండు కార్బన్లూ ఒకటై ఎథిలీన్‌గా, అంటే 28గా, ఎగిరిపోతాయి. మిగిలేది 238. దానికి పల్లాడియం మీద హైడ్రోజన్ ఎక్కిస్తే 240, అదే ఎగ్జాల్టోలైడ్. ఈ మూడు అంకెలూ నోటికి వచ్చి ఉండాలి. రేపు అణుభారాలు చూపే మాస్ స్పెక్ట్రమ్ చేతికి వచ్చినప్పుడు దారి చూపేవి ఇవే.

ఉత్ప్రేరకం చేసే పని ఇదీ. రుథేనియానికి ఒక కార్బన్‌తో ద్విబంధం ఉంటుంది. అది గొలుసు ఒక కొసలోని ద్విబంధంతో కలిసి నాలుగు పరమాణువుల చిన్న వలయం అవుతుంది, ఆ వలయం వేరే దిక్కున విడిపోతుంది. ఇప్పుడు గొలుసు కొస లోహానికి కట్టి ఉంది. అదే గొలుసు రెండో కొస వచ్చి తగిలితే పెద్ద వలయం మూసుకుని విడుదలవుతుంది, లోహం మళ్లీ పనికి సిద్ధం.

అసలు చిక్కు ఇక్కడే. లోహానికి కట్టి ఉన్న కొసకు తన రెండో కొస దొరకాలని రూలేమీ లేదు. పక్క గొలుసు దగ్గరగా ఉంటే దాన్నే పట్టుకుంటుంది, అలా ఒకదానికొకటి అతుక్కుపోతూ పోతాయి. నేను మొదటిసారి చేసినప్పుడు ద్రావణి ఎందుకింత వృథా అనుకుని చిక్కటి ద్రావణంలో చేశాను. ఫ్లాస్క్ అడుగున జిగురు మిగిలింది. వాసన లేదు. ఆ రోజు అర్థమైన లెక్క ఇది: సొంత కొస దొరికే అవకాశం గాఢతతో మారదు, పక్క గొలుసు దొరికే అవకాశం మాత్రం గాఢతతో పాటే పెరుగుతుంది. కాబట్టి పలచన చేయాలి, బాగా పలచన చేయాలి.

లీటరుకు 0.005 మోల్ పెట్టుకుందాం. 1 గ్రాము ఎస్టర్ అంటే 3.76 మిల్లీమోల్, దానికి సుమారు 750 మిల్లీలీటర్ల ద్రావణి కావాలి. ఒక్క గ్రాముకు! ఇంకా మేలైన దారి, ఎస్టర్‌ను సిరంజి పంపుతో చుక్క చుక్కగా వదలడం. అప్పుడు ఏ క్షణాన చూసినా ఫ్లాస్క్‌లో మూసుకోని గొలుసులు కొద్దిగానే ఉంటాయి. ఉత్ప్రేరకం 2 మోల్ శాతం చాలు. రెండో తరం గ్రబ్స్ ఉత్ప్రేరకం అయితే 64 మిల్లీగ్రాములు. గాలి తగలకుండా నైట్రోజన్ కింద చేయండి. నైట్రోజన్ మెల్లగా పారుతూనే ఉండాలి, ఎథిలీన్‌ను బయటికి తీసుకుపోయేది అదే. 1 గ్రాముకు పుట్టే ఎథిలీన్ దాదాపు 90 మిల్లీలీటర్లు. అది లోపలే ఉండిపోతే మూసుకున్న వలయం తిరిగి తెరుచుకోవచ్చు.

ఇక చాలామంది పట్టించుకోని సంగతి. వేడిలో ఎక్కువసేపు ఉంచితే ఉత్ప్రేరకం పాడై రుథేనియం హైడ్రైడ్‌గా, అంటే హైడ్రోజన్ కట్టిన రుథేనియంగా, మారుతుంది. అది ద్విబంధాన్ని ఒక కార్బన్ లోపలికి జరుపుతుంది. అప్పుడు ఎథిలీన్ బదులు ప్రొపీన్ పోతుంది, అంటే 28 బదులు 42. మాస్‌లో 238 పక్కన 224 కనిపించిందంటే వలయం ఒక కార్బన్ చిన్నదైపోయింది. ఈ రెంటినీ విడదీయడం మహా కష్టం. మందు మాత్రం సులువే: మొదట్లోనే కొంచెం బెంజోక్వినోన్ కలపండి, అది హైడ్రైడ్‌కు విరుగుడు.

మూసిన చోట ద్విబంధం సిస్ రూపమా (గొలుసు రెండు భాగాలూ ఒకే వైపు) ట్రాన్స్ రూపమా (ఎదురెదురు వైపుల) అని టెన్షన్ వద్దు. రెండూ కలిసే వస్తాయి, హైడ్రోజన్ ఎక్కగానే తేడా పోతుంది. మొదటి వలయంగా ఎగ్జాల్టోలైడ్‌ను ఎంచుకున్నది అందుకే.

అభ్యాసం: కస్తూరి బెండ గింజల్లో ఉండే ఆంబ్రెటోలైడ్ బొమ్మ గీయండి. అందులో 16 కార్బన్లు, ఒక ఆక్సిజన్‌తో 17 పరమాణువుల వలయం, 7, 8 కార్బన్ల మధ్య సిస్ ద్విబంధం ఉంటాయి. సరిగ్గా ఆ ద్విబంధం దగ్గరే గీత గీసి, కావలసిన ఆమ్లం, ఆల్కహాల్ ఏవో రాయండి, అణుభారాలు లెక్కించండి. ఇక్కడ హైడ్రోజన్ ఎక్కించే వీలు లేదు, ద్విబంధం నిలవాలి, అదీ సిస్‌గానే. దానికి పనికొచ్చే ఉత్ప్రేరకాలు 5వ పాఠంలో.