దేవగన్నేరు పెంపకం - రెండో పాఠం: కొమ్మ నాటి వేరు పట్టించడం

మొక్కకు చోటు, ఎండ, మట్టి ఎలా ఉండాలో మొదటి పాఠంలో చూశాం. ఈసారి కొమ్మతో కొత్త మొక్కను తయారుచేద్దాం. గింజతోనూ మొలుస్తుంది కానీ తల్లిచెట్టు రంగే వస్తుందన్న నమ్మకం లేదు, పూతకు మూడేళ్లో అంతకంటే ఎక్కువో ఆగాలి. కొమ్మకు ఆ బాధలు తక్కువ.

మన ఎండలకు ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా అనువైన కాలం. ఆకు రాల్చి నిద్రలో ఉన్న చెట్టు అప్పుడే చిగురించబోతుంటుంది. వానాకాలంలో నాటితే సగానికి సగం కుళ్లు పాలే.

కొమ్మ బొటనవేలి లావుకు తగ్గకూడదు, బెరడు బూడిద రంగుకు తిరిగి ఉండాలి. పచ్చగా ఉన్న లేత కొస త్వరగా కుళ్లుతుంది. పొడవు 30 నుంచి 45 సెంటీమీటర్లు చాలు. కత్తిని స్పిరిట్‌తో తుడిచి, అడుగు సమంగా ఉండేలా ఒక్క కోతలో కోయండి. ఏటవాలుగా కోస్తే గాయం పెద్దదవుతుంది, ఆరడానికి ఎక్కువ రోజులు పడుతుంది. కారే పాలు చర్మానికి దురద పుట్టిస్తాయి, కంట్లో పడితే మంట. చేతులకు తొడుగులు వేసుకోండి. ఆకులను పీకకుండా, కాడ రెండు సెంటీమీటర్లు మిగిల్చి కత్తిరిస్తే ఆ కాడలు ఎండి వాటంతటవే రాలిపోతాయి. మొగ్గల గుత్తి ఉంటే తీసేయండి. లేకపోతే కొమ్మలో దాచుకున్న బలమంతా పువ్వుకే పోతుంది.

ఇక అసలు పని, ఆరబెట్టడం. గాలి ఆడే నీడలో కొమ్మను నిలువుగా ఆనించి వారం నుంచి పది రోజులు వదిలేయాలి. బాగా లావు కొమ్మయితే రెండు వారాలు. కోసిన చోట గట్టి పొర కట్టాక గానీ మట్టిలో పెట్టకూడదు. పాలు కారుతుండగానే గుచ్చేస్తే తడితోపాటు బూజు ఆ గాయంలోంచే లోపలికి పోతుంది. ఆరేటప్పుడు బెరడు కాస్త ముడతపడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు. గాయానికి కలబంద గుజ్జు, తేనె పూయమనే సలహాలు వింటుంటాం. కష్టపడి ఆరబెట్టిన దాన్ని మళ్లీ తడపడం తప్ప వాటివల్ల ఒరిగేదేమీ లేదు. వేరు పట్టించే హార్మోన్ పొడి కావాలంటే అద్దవచ్చు, తప్పనిసరి కాదు.

అడుగున రంధ్రాలున్న ఆరు లేదా ఎనిమిది అంగుళాల కుండీ తీసుకోండి. ముతక ఇసుక రెండు వంతులు, ఎర్రమట్టి ఒక వంతు, బాగా మాగిన వర్మికంపోస్టు అర వంతు కలపండి. నల్లరేగడి వద్దు, అది తడిని పట్టి ఉంచుతుంది. కొమ్మను 8 నుంచి 10 సెంటీమీటర్ల లోతు పెట్టి, పక్కన కర్ర పాతి రెండు చోట్ల కట్టండి. గాలికి ఊగితే అప్పుడే పుట్టిన వేర్లు తెగిపోతాయి. కొమ్మ కదులుతోందేమోనని చేత్తో లాగి చూడటం కూడా అంతే ప్రమాదం.

నాటిన రోజు ఒకసారి తడిపి, అడుగు నుంచి నీరు కారిపోనివ్వండి. తర్వాత వేలు రెండు అంగుళాలు గుచ్చితే పొడిగా తగిలినప్పుడే, అదీ కొద్దిగా పోయాలి. మండు వేసవిలోనూ వారానికి ఒక్కసారికి మించదు. మొదటి రెండు మూడు వారాలు వెలుతురున్న నీడలో ఉంచి, ఆపైన ఉదయపు ఎండకు జరపండి. ఎరువు ఇప్పుడు వద్దే వద్దు.

కొసన చిన్న ఆకులు విచ్చుకోగానే వేరు పట్టిందనుకుని నీళ్లు పెంచేస్తారు. ఎక్కువ కొమ్మలు చచ్చేది అక్కడే. ఆ తొలి ఆకులు కాండంలోని నిల్వతో వచ్చినవి, కింద వేరు లేకపోయినా వస్తాయి. అరచేతి పొడవు దాటి ఆకులు వరుసగా పెరుగుతుంటేనే వేరు ఉన్నట్టు. దానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అప్పుడు నీరు కాస్త పెంచవచ్చు.

ఆకులు చిన్నగానే ఆగి వాడితే, మట్టి దగ్గర కాండాన్ని నొక్కి చూడండి. ముడతపడి గట్టిగా ఉంటే దాహం. మెత్తగా, నల్లగా ఉంటే కుళ్లు. కుళ్లితే కొమ్మను పీకి, లోపల గోధుమ మచ్చ లేకుండా తెల్లగా కనిపించేదాకా పైపైకి కోస్తూ రండి, ప్రతి కోతకూ కత్తి తుడవండి. మిగిలింది 20 సెంటీమీటర్లకు పైగా ఉంటే మళ్లీ ఆరబెట్టి కొత్త మట్టిలో నాటవచ్చు. పాత మట్టిని ఇంకో కుండీలో వాడకండి.

మూడో పాఠంలో నేలలోకి మార్చడం, పూత పూసిన కొసలోనే కొమ్మలు చీలడం, ఆకు అడుగున నారింజ పొడిలా కనిపించే తుప్పు తెగులు. అప్పటిదాకా వాన మొదలైతే కుండీని చూరు కిందకు జరపండి.