అంతర్జాల నియంత్రణ ముసాయిదాను ఎలా చదవాలి?

అంతర్జాల నియంత్రణకు సంబంధించిన ముసాయిదా చట్టంపై ప్రభుత్వం అభిప్రాయాలు కోరినప్పుడు చాలామంది పీఠిక చదివి ఆగిపోతారు. పిల్లల రక్షణ, దేశ భద్రత వంటి మాటలున్న పీఠికలో తప్పుబట్టడానికి సాధారణంగా ఏమీ ఉండదు. భావప్రకటన స్వేచ్ఛకు మేలు జరిగినా కీడు జరిగినా అది నిర్వచనాలు, గడువులు, జరిమానాల దగ్గరే కాబట్టి చదవడం అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

కొలమానం కొత్తగా వెతకనక్కరలేదు. 1966 నాటి పౌర, రాజకీయ హక్కుల అంతర్జాతీయ ఒడంబడికలోని 19వ అధికరణం ప్రకారం ఆంక్ష చట్టంలో ఉండాలి, ఇతరుల హక్కులు, జాతీయ భద్రత, ప్రజాశాంతి వంటి నిర్దిష్ట ప్రయోజనం కోసమే ఉండాలి, ఆ ప్రయోజనానికి నిజంగా అవసరమై ఉండాలి.

నిర్వచనాలను పరీక్షించడానికి మంత్రిపై వేసిన వ్యంగ్యచిత్రాన్ని, ఒక సంస్థ మోసంపై బాధితుడు రాసిన ఫిర్యాదును, మతాచారంపై విమర్శను మనసులో పెట్టుకుని, ఇవి ఆ నిర్వచనం కిందికి వస్తాయేమో చూడండి. భారత సమాచార సాంకేతిక చట్టంలోని 66ఎ సెక్షన్ ‘చికాకు’, ‘అసౌకర్యం’ వంటి పట్టుకు దొరకని మాటలతో మూడేళ్ల వరకు జైలుశిక్షకు వీలు కల్పించింది; 2015లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది.

అసలు చిక్కు రాతలను తొలగించే గడువు, జరిమానా కలిసినచోట ఉంది. ఉంచకూడనిది ఉంచితే భారీ జరిమానా, తీయకూడనిది తీసేస్తే ఏమీ లేకపోవడం అనే పరిస్థితిలో ఏ సామాజిక మాధ్యమ వేదికైనా అనుమానం వచ్చిన ప్రతిదాన్నీ తీసేస్తుంది. దాన్ని తప్పుపట్టడం కూడా కష్టమే. ఫిర్యాదు అందిన 24 గంటల్లో స్పష్టంగా చట్టవిరుద్ధమైన రాతలను తొలగించాలన్న ఫ్రాన్స్ నిబంధనను 2020లో చట్టాల రాజ్యాంగబద్ధతను పరిశీలించే అక్కడి రాజ్యాంగ మండలి ఈ తరహా కారణంతోనే అడ్డుకుంది. అలాగని ప్రతి తొలగింపుకూ న్యాయస్థానం ఉత్తర్వు కావాలనడం సరికాదు. పిల్లలపై లైంగిక దోపిడీ చిత్రాల్లో నేరం చిత్రంలోనే కనిపిస్తుంది కనుక తక్షణ తొలగింపు సబబే. పరువునష్టంలో మాత్రం ఆరోపణ నిజమా కాదా అన్నది విచారణలోనే తేలాలి. కాబట్టి అన్నింటికీ ఒకే గడువు పెట్టిన ముసాయిదాను ఆ ఒక్క కారణంతోనే సవరించమని అడగవచ్చు. దానితోపాటు, రాసినవారికి తొలగింపు కారణం తెలపాలనీ, అప్పీలుకు అవకాశమివ్వాలనీ, పొరపాటని తేలితే రాతను తిరిగి పెట్టాలనీ కోరండి. ఐరోపా సమాఖ్య 2022లో చేసిన డిజిటల్ సేవల చట్టంలో ఈ ఏర్పాట్లున్నాయి.

అభిప్రాయం రాసేటప్పుడు ‘ఈ చట్టం వద్దు’ అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, సెక్షన్ సంఖ్య, అభ్యంతరం, దాని స్థానంలో ఉండవలసిన వాక్యం ఈ వరుసలో ఇవ్వండి. ‘ప్రభుత్వం నిర్దేశించిన విధంగా’ అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో కూడా గుర్తించండి. అక్కడ అసలు అధికారం చట్టసభ చర్చించని నియమావళికి వెళుతుంది కనుక, ఆ నియమావళి ముసాయిదాను కూడా ప్రజాభిప్రాయానికి పెట్టాలని అదే లేఖలో అడగండి.